వర్క్‌షాప్ జవాబులు: పాత డీజిల్‌కు సర్పెంటైన్ బెల్ట్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. పాత డీజిల్ ట్రక్ ఇంజిన్ల ముందుండి ఆల్టర్నేటర్, వాటర్ పంపు లాంటివాటిని తిప్పే వి బెల్టులన్నీ (వి ఆకారపు గాడిలో నడిచేవి) తీసేసి, అన్నింటినీ కలిపి తిప్పే ఒకే పొడవాటి సర్పెంటైన్ బెల్ట్‌కు మార్చుకోవచ్చా అని అడుగుతున్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారం సార్. నాది 1980ల నాటి డీజిల్ ట్రక్. ఇంజిన్ ముందు నాలుగు వి బెల్టులు ఉన్నాయి. పాత 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ చాలడం లేదని 130 ఆంపియర్లది పెట్టించాను. అప్పటి నుంచి ఉదయం స్టార్ట్ చేయగానే బెల్ట్ కీచుమంటోంది. బాగా బిగిస్తే ఆగింది గానీ, కొత్త ఆల్టర్నేటర్ బేరింగ్ అప్పుడే పోయింది. సర్పెంటైన్‌కు మార్చెయ్యమని ఒకరు, అది దండగ ఖర్చని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు?
— ఒక ట్రక్ యజమాని

జవాబు: ముందు లెక్క చూద్దాం. 130 ఆంపియర్లు, 14 వోల్టులు అంటే 1,820 వాట్లు. ఆల్టర్నేటర్ తనకందిన శక్తిలో 55 శాతాన్ని కరెంటుగా మారుస్తుందనుకుంటే, బెల్ట్ దానికి 3,300 వాట్లు అందించాలి. అంటే దాదాపు 4.4 హార్స్‌పవర్. మీ పాత ఆల్టర్నేటర్‌కు ఇదే లెక్కన రెండు హార్స్‌పవర్ చాలు. బెల్ట్ పాతదే, పుల్లీ పాతదే, పని మాత్రం రెండింతలైంది.

ఉదయమే ఎందుకు కీచుమంటుందో కూడా ఇందులోనే ఉంది. డీజిల్ ఇంజిన్లలో గ్లో ప్లగ్‌లు (స్టార్ట్‌కు ముందు సిలిండర్లను వేడిచేసేవి) అన్నీ కలిసి 100 ఆంపియర్లకు పైగా లాగేవి ఉన్నాయి. దాని మీద స్టార్టర్ మోటార్. ఇంజిన్ అందుకునేసరికి బ్యాటరీలు దిగి ఉంటాయి, ఆల్టర్నేటర్ ఆ క్షణం నుంచే తన శక్తి కొద్దీ ఛార్జ్ చేయడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇంజిన్ ఐడిల్‌లో ఉంటుంది, బెల్ట్ నెమ్మదిగా నడుస్తుంటుంది. అదే శక్తిని తక్కువ వేగంలో ఇవ్వాలంటే బెల్ట్ లాగాల్సిన బలం పెరుగుతుంది. వి బెల్ట్ గాడి పక్కగోడలను పట్టుకుని లాగుతుంది. ఆ పట్టు చాలకపోతే జారుతుంది, వేడెక్కి పక్కలు గాజులా నునుపు తేలతాయి, నునుపు తేలాక ఇంకా జారుతుంది. మనం బిగిస్తాం. ఆ బిగింపంతా బేరింగ్ మీద పడుతుంది. మీ బేరింగ్ పోయింది అందుకే.

అయితే సర్పెంటైన్ మాట ఎత్తే ముందు ఒక్క పని చేయండి. బెల్ట్ తీసి ఆల్టర్నేటర్ పుల్లీ గాడి అడుగున టార్చ్ వేసి చూడండి. అడుగు మెరుస్తుంటే బెల్ట్ అక్కడ ఆనుతున్నట్టే. వి బెల్ట్ ఎప్పుడూ అడుగున ఆనకూడదు, పక్కగోడల మధ్యే ఇరుక్కుని ఉండాలి. బెల్ట్ పైభాగం పుల్లీ అంచుతో సమానంగానో, కాస్త పైకో కనిపించాలి, లోపలికి దిగిపోకూడదు. పుల్లీ అరిగి బెల్ట్ అడుగుకు దిగితే ఎంత బిగించినా పట్టు రాదు. నేను కీచుమనే బండి దగ్గరకు వెళ్తే మొదట చూసేది ఇదే. పుల్లీ మార్చి, సరైన వెడల్పు బెల్ట్ వేస్తే సగం బళ్ల గొడవ అక్కడే తీరిపోతుంది. లేదంటే ఆల్టర్నేటర్‌కు జంట వి బెల్టుల పుల్లీ పెట్టొచ్చు. క్రాంక్ (బెల్టులను నడిపే ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) పుల్లీలో ఖాళీ గాడి ఉంటే అది తేలిక దారి. కాకపోతే జంట బెల్టులు రెండూ ఒకే సెట్‌లోవి కావాలి. ఒకటి కాస్త పొడవైనా పనంతా రెండోదాని మీదే పడుతుంది.

ఇవన్నీ చూశాక కూడా 130 ఆంపియర్లు రోజూ వాడతాను, ఏసీ కంప్రెసర్ కూడా ఉంది, ప్రతి బెల్ట్‌కూ స్పానర్ పట్టుకుని తిరగలేను అంటే, మార్చండి. దండగ కాదు. సర్పెంటైన్ బెల్ట్ లోపలి వైపు చిన్న చిన్న రిబ్బులు ఉంటాయి. ఒక రిబ్బు నుంచి ఇంకో రిబ్బుకు 3.56 మిల్లీమీటర్లు. ఎనిమిది రిబ్బుల బెల్ట్, అంటే 8 పీకే, వెడల్పు 28.5 మిల్లీమీటర్లు. ప్రతి రిబ్బుకూ రెండు పక్కలు పట్టు ఉంటుంది, బెల్ట్ పలచన కాబట్టి చిన్న పుల్లీ చుట్టూ సులువుగా వంగుతుంది, వీపు వైపు కూడా వంగుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, స్ప్రింగ్ టెన్షనర్ బిగువును ఎప్పుడూ ఒకేలా ఉంచుతుంది. బెల్ట్ వేడెక్కి సాగినా, అరిగినా మీరు ముట్టుకోనక్కర్లేదు. 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో ఈ పద్ధతి పెద్ద ఎత్తున కార్లలోకి వచ్చింది. 1989లో డాడ్జ్ పికప్‌లో పెట్టిన కమిన్స్ 5.9 లీటర్ల డీజిల్ మొదటి నుంచీ ఒకే బెల్ట్‌తోనే వచ్చింది. అదే కాలంలో ఫోర్డ్ పికప్‌లలో వచ్చిన ఇంటర్నేషనల్ 6.9, 7.3 లీటర్ల పాత డీజిళ్లు వి బెల్టుల మీద నడిచాయి. అంటే డీజిల్ ఇంజిన్‌కు ఇది సరిపడదేమోనన్న భయం అక్కర్లేదు. సరిగ్గా అమర్చడమే మన పని.

ప్రశ్న: సార్, మా ఇంజిన్ కుటుంబంలోనే తర్వాత వచ్చిన మోడల్‌ది ముందుభాగం సెట్ మొత్తం దొరికింది. బ్రాకెట్లు, టెన్షనర్, క్రాంక్ పుల్లీ, ఆల్టర్నేటర్ అన్నీ ఉన్నాయి. వాటర్ పంపు మాత్రం మా పాతదే బాగుంది కదా అని దాని పుల్లీ ఒక్కటే మార్చుదామనుకుంటున్నాను. బోల్టు రంధ్రాలు సరిపోతున్నాయి. సరేనా?
— డీజిల్ మెకానిక్ పని నేర్చుకుంటున్న కుర్రాడు

జవాబు: తమ్ముడూ, ఆగు. రంధ్రాలు సరిపోవడం చివరి సంగతి. మొదటి సంగతి, పంపు ఎటు తిరుగుతుంది?

ఒక కాగితం తీసుకో. ఇంజిన్ ఎదుట నిలబడి చూసినట్టుగా పుల్లీలన్నీ సున్నాలుగా గీయి. బెల్ట్ దారి గీయి. రిబ్బుల వైపు తగిలే పుల్లీలన్నీ క్రాంక్ ఎటు తిరిగితే అటే తిరుగుతాయి. బెల్ట్ వీపు తగిలే పుల్లీలన్నీ దానికి ఎదురు తిరుగుతాయి. ఇందులో మినహాయింపు లేదు. ఇప్పుడు ప్రతి సున్నాలో బాణం గుర్తు వేయి. పాత వి బెల్ట్ అమరికలో మీ వాటర్ పంపు క్రాంక్ దిశలోనే తిరిగేది. కొత్త సెట్‌లో దాని మీదుగా బెల్ట్ వీపు వెళ్తుంటే, అది ఎదురు తిరుగుతుంది. అప్పుడు పాత పంపు పనికిరాదు. జనరల్ మోటార్స్ వాళ్లు 1980ల చివర్లో పికప్ పెట్రోల్ ఇంజిన్లను సర్పెంటైన్‌కు మార్చినప్పుడు, ఎదురు తిరిగే పంపులను వేరుగా చేసింది అందుకే. పైకి చూస్తే ఒకేలా ఉంటాయి, లోపల ఇంపెల్లర్ రెక్కలు వేరు.

ఎదురు తిరిగే పంపు నీళ్లు అసలు తోయదని కాదు. అక్కడే ప్రమాదం ఉంది. రెక్కలు ఎదురు తిరిగినా కొంత తోస్తుంది. ఇంజిన్ షెడ్లో ఐడిల్‌లో నడుస్తుంటే మీటర్ ముల్లు మామూలుగా కనిపిస్తుంది. బరువు వేసి ఎత్తు ఎక్కించినప్పుడు మాత్రం ముల్లు పైకి లేస్తుంది. అప్పుడు మనం రేడియేటర్‌ను, థర్మోస్టాట్‌ను అనుమానిస్తాం, హెడ్ గాస్కెట్ దాకా వెళ్తాం. అసలు తప్పు దిశలో ఉంటుంది.

ఫ్యాన్ పంపు షాఫ్ట్ మీదే ఉంటే దాని సంగతీ అంతే. ఎదురు తిరిగితే గాలిని రేడియేటర్ లోంచి లాగాల్సింది పోయి ముందుకు తోస్తుంది. ఫ్యాన్‌ను తిప్పి బిగిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. రెక్కను ముందు వెనక చేసినా దాని వాలు అదే, గాలి దిశ మారదు. ఆ దిశకు తగ్గట్టు చేసిన ఫ్యానే కావాలి. ఫ్యాన్ క్లచ్‌ను పెద్ద నట్టుతో షాఫ్ట్‌కు బిగించే రకమైతే ఆ మర కూడా చూడు. తిరిగే కొద్దీ బిగిసేలా మరను ఎంచుకుంటారు. దిశ మారితే నడుస్తూ నడుస్తూ వదులు కావచ్చు.

పవర్ స్టీరింగ్ పంపు ఒకే దిశలో పనిచేస్తుంది. వాక్యూమ్ పంపూ అంతే. పిస్టన్ రకం ఏసీ కంప్రెసర్లు చాలావరకు ఎటు తిరిగినా నడుస్తాయి, అయినా దాని పుస్తకంలో చూసి నిర్ధారించుకో. ఆల్టర్నేటర్ ఎటు తిరిగినా కరెంటు ఇస్తుంది కానీ, లోపలి ఫ్యాన్ రెక్కలు వాలుగా ఉంటే గాలి తగ్గి వేడెక్కుతుంది. ఐడ్లర్లకు, అంటే బెల్ట్ దారి మళ్లించడానికే ఉండే ఉత్త పుల్లీలకు, దిశ లేదు.

కాబట్టి నీ కాగితం మీద బాణం గుర్తులన్నీ ఆయా పరికరాలతో సరిపోయాకే రెంచ్ పట్టుకో. సరిపోకపోతే దారి రెండే. సెట్‌తో పాటు ఆ మోడల్ వాటర్ పంపు, ఫ్యాన్, క్లచ్ కూడా తెచ్చుకోవడం ఒకటి. లేదా ఐడ్లర్‌ను ఇంకోచోట పెట్టి, పంపుకు రిబ్బుల వైపే తగిలేలా బెల్ట్ దారిని మార్చడం. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను. కంపెనీ వాళ్లు టెస్ట్ చేసిన దారిని మనం మార్చితే, పుల్లీల మీద బెల్ట్ చుట్టుకునే మేర తగ్గడం దగ్గర్నుంచి అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

దిశ తర్వాత వేగం. పాత బెల్టులు తీసేయక ముందే ఈ పని చెయ్యాలి. బ్యాటరీ తీగ తీసెయ్యి, గ్లో ప్లగ్‌లు ఉంటే విప్పెయ్యి, లేకపోతే కంప్రెషన్‌కు క్రాంక్ తిప్పడం నరకం. సుద్దముక్కతో క్రాంక్ పుల్లీకి, పంపు పుల్లీకి, ఆల్టర్నేటర్ పుల్లీకి, స్టీరింగ్ పంపు పుల్లీకి ఒక్కో గీత పెట్టు. క్రాంక్ బోల్టుకు పొడుగు రాడ్ వేసి పది చుట్లు తిప్పు. ఒక్కొక్కటి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకో. పుల్లీ బయటి కొలతలు తీసుకుని భాగిస్తే లెక్క తప్పుతుంది. ఎందుకంటే వి బెల్ట్ గాడిలోకి దిగి నడుస్తుంది, రిబ్బుల బెల్ట్ దాదాపు అంచు మీద నడుస్తుంది. రెండింటి బయటి కొలతలూ ఒకటే అయినా అసలు వేగాలు వేరు. చుట్లు అబద్ధం చెప్పవు.

కొత్త సెట్ బిగించాక మళ్లీ అదే పది చుట్లు. పంపు పాత వేగానికి దగ్గరగా ఉండాలి. తక్కువైతే బరువు మీద వేడెక్కుతుంది. ఆల్టర్నేటర్ నిష్పత్తి 2.8 అనుకో. 650 ఆర్‌పీఎం ఐడిల్‌లో అది 1,820 తిరుగుతుంది. ఇంజిన్ 3,300 పోయినా 9,240 దాటదు, ఆల్టర్నేటర్‌కు అది పెద్ద కష్టం కాదు. పాత డీజిళ్లు నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి ఆల్టర్నేటర్‌కు చిన్న పుల్లీ పెట్టుకునే వెసులుబాటు ఉంది. కానీ 45 మిల్లీమీటర్ల కంటే చిన్నది పెట్టకు, బెల్ట్ అంతగా వంగుతూ ఉంటే తొందరగా పోతుంది.

ప్రశ్న: మార్పిడి అయిపోయింది. బెల్ట్ జారడం లేదు, ఛార్జింగ్ బాగుంది. అయితే ఐడిల్‌లో టెన్షనర్ చెయ్యి అదేపనిగా ఊగుతోంది. కాస్త రేజ్ చేస్తే ఆగిపోతుంది. టెన్షనర్ కొత్తదే. స్ప్రింగ్ ఇంకా గట్టిది వేయమంటారా?
— పాత ఇంజిన్ల మీద ఇష్టం ఉన్న పాఠకుడు

జవాబు: గట్టి స్ప్రింగ్ మాట ఇప్పుడు వద్దు. ఆ ఊపుకు కారణం ఇంజిన్ స్వభావంలోనే ఉంది. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకు మూడుసార్లు మండుతుంది. 650 ఆర్‌పీఎంలో అంటే సెకనుకు 32కు పైగా దెబ్బలు. డీజిల్ కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ప్రతి దెబ్బకూ క్రాంక్ ఒకసారి ముందుకు ఉరికి, మళ్లీ నెమ్మదిస్తుంది. ఆల్టర్నేటర్ రోటార్ బరువైంది, పైగా క్రాంక్ కంటే రెండున్నర, మూడు రెట్ల వేగంతో తిరుగుతుంటుంది. క్రాంక్ నెమ్మదించినప్పుడు అది ఆగనంటుంది. ఆ గుంజుడంతా బెల్ట్ మీదకు వస్తుంది, బెల్ట్ నుంచి టెన్షనర్ మీదకు వస్తుంది. వేగం పెరిగితే దెబ్బల మధ్య ఎడం తగ్గి సర్దుకుంటుంది. మీకు ఐడిల్‌లోనే కనిపించడం అందుకే.

కాస్త కదలడం మామూలే. 6 మిల్లీమీటర్లకు మించి ఊగుతుంటే ఈ వరుసలో చూడండి. మొదట టెన్షనర్ ఎక్కడుందో. ఇంజిన్ ఎదుట నిలబడి చూస్తే క్రాంక్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కదా. అలాంటప్పుడు క్రాంక్ కింది నుంచి ఎడమ పక్కగా పైకి వెళ్లే భాగం వదులు వైపు. కుడి పక్క నుంచి కిందికి దిగేది బిగువు వైపు. టెన్షనర్ ఎప్పుడూ వదులు వైపే, క్రాంక్‌ను వదిలిన తర్వాత వచ్చే మొదటి భాగంలోనే ఉండాలి. బిగువు వైపు పెడితే ప్రతి గుంజుడూ నేరుగా స్ప్రింగ్‌ను తోస్తుంది.

తర్వాత చెయ్యి ఏ కోణంలో ఉందో చూడండి. బెల్ట్ టెన్షనర్ పుల్లీని ఎటు తోస్తోందో ఊహించుకోండి, లోపలికి వచ్చే బెల్ట్‌కూ బయటికి వెళ్లే బెల్ట్‌కూ మధ్య గీత అది. చెయ్యి ఆ గీతకు అడ్డంగా, లంబకోణానికి దగ్గరగా ఉంటే స్ప్రింగ్ సరిగ్గా పనిచేస్తుంది. చెయ్యి ఆ గీత వెంబడే ఉంటే బెల్ట్ ఎంత తోసినా చెయ్యి కదలదు, బిగువు ఎక్కువైపోతుంది, బేరింగులు పోతాయి. స్ప్రింగ్ తిరిగే దిశ కూడా టెన్షనర్‌ను బట్టి ఉంటుంది, తలకిందులుగా బిగించడం కుదరదు. ఇంకొకటి, బెల్ట్ పొడవు. టెన్షనర్ ఒంటి మీద గుర్తులు ఉంటే కొత్త బెల్ట్‌తో ముల్లు వాటి మధ్యలో నిలవాలి. గుర్తులు లేకపోతే చెయ్యి మొత్తం కదలిక మధ్యలో ఉండేలా బెల్ట్ ఎంచుకోవాలి. బెల్ట్ కొనేముందు సన్నని తాడు దారంతా చుట్టి, చెయ్యిని మధ్యలో పట్టుకుని కొలవండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఊగుతుంటే, ఆల్టర్నేటర్‌కు ఓవర్‌రన్నింగ్ పుల్లీ పెట్టండి. అది ఒక దిశలో మాత్రమే పట్టుకుంటుంది. క్రాంక్ నెమ్మదించినప్పుడు రోటార్‌ను దాని దారిన తిరగనిస్తుంది. బెల్ట్ మీద ఎదురు గుంజుడు పోతుంది. పెట్టి చూడండి, టెన్షనర్ చెయ్యి ఎంత నిమ్మళిస్తుందో మీకే తెలుస్తుంది. కానీ క్రాంక్ ముందు దాని అదురును తగ్గించే చక్రం, అంటే డ్యాంపర్, దాని రబ్బరు ఎలా ఉందో కూడా చూడండి. పగిలి, బయటి రింగు జారి ఉంటే ఊగుడు దాని వల్ల కూడా రావచ్చు.

ప్రశ్న: మా అన్నయ్య ట్రక్‌ను సర్పెంటైన్‌కు మార్చారు. నాకు ఒకటే భయం. ఇంతకుముందు ఒక బెల్ట్ తెగితే ఒక పరికరమే ఆగేది. ఇప్పుడు ఒక్కటి తెగితే అన్నీ ఆగిపోతాయి కదా? నడిపేటప్పుడు ప్రమాదం కాదా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది. దీని గురించి మార్పిడి చేసేవాళ్లు కూడా తగినంత ఆలోచించరు. మీ అన్నయ్యకు ఈ జవాబు చూపించండి.

బెల్ట్ తెగితే ఒకేసారి వాటర్ పంపు, ఛార్జింగ్, పవర్ స్టీరింగ్ పోతాయి. డీజిల్ ఇంజిన్‌కు పెట్రోల్ ఇంజిన్‌లా గాలి దారిలో థ్రాటిల్ అడ్డు ఉండదు, కాబట్టి ఇంజిన్ దానంతట అది వాక్యూమ్ ఇవ్వదు. బ్రేక్ బూస్టర్‌కు వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. అది కూడా ఇదే బెల్ట్ మీద ఉంటే బ్రేక్ సాయం కూడా పోతుంది. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండు తొక్కుళ్లు అందుతాయి. ఆ తర్వాత బ్రేక్ పనిచేస్తుంది గానీ కాలి బలం చాలా పెట్టాలి. కొన్ని ట్రక్కుల్లో బ్రేక్ బూస్టర్ పవర్ స్టీరింగ్ నూనె ఒత్తిడి మీద నడుస్తుంది, వాటికీ బెల్టే ఆధారం.

ఇక్కడ పాత డీజిల్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. మెకానికల్ ఇంజెక్షన్ పంపు గేర్ల మీద నడుస్తుంది, బెల్ట్‌తో సంబంధం లేదు. బెల్ట్ తెగినా ఇంజిన్ ఆగదు, హాయిగా నడుస్తూనే ఉంటుంది. నీళ్లు తిరగవు, హెడ్ వేడెక్కుతుంది. పైగా నీళ్లు కదలకపోతే సెన్సర్ దగ్గరకు వేడి ఆలస్యంగా చేరొచ్చు, మీటర్‌ను నమ్ముకుని కూర్చోలేం. ఛార్జింగ్ ఎర్ర లైటు వెలిగి, స్టీరింగ్ బరువెక్కిందంటే బెల్ట్ పోయిందనే అనుకోవాలి. యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేక్‌ను ఒకసారి గట్టిగా నిలకడగా తొక్కి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపెయ్యాలి. బ్రేక్‌ను పదేపదే తొక్కి వదిలితే మిగిలిన వాక్యూమ్ అయిపోతుంది.

వీలుంటే వాక్యూమ్ పంపును ఈ బెల్ట్ మీద పెట్టకుండా ఉండటమే నాకు ఇష్టం. కొన్ని ఇంజిన్లలో అది క్యామ్ నుంచో, గేర్ల నుంచో నడుస్తుంది, అలాంటిది ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. లేదంటే ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు పెట్టుకోవచ్చు.

ఇక బండిలో ఎప్పుడూ ఉండాల్సినవి: అదే సైజు కొత్త బెల్ట్ ఒకటి, టెన్షనర్ చెయ్యి తిప్పే రాడ్ ఒకటి. ఇంకో బెల్ట్ కూడా పెట్టుకోమంటాను. ఏసీ కంప్రెసర్ బేరింగ్ బిగుసుకుపోయిందనుకోండి, కొత్త బెల్ట్ వేసినా మళ్లీ తెగుతుంది. కంప్రెసర్‌ను వదిలేసి మిగతా పుల్లీల చుట్టూ ఎంత పొడవు కావాలో ఇప్పుడే, ఇంటి దగ్గరే కొలిచి, ఆ చిన్న బెల్ట్ కొని పెట్టుకోవాలి. అలా దాటవేసినప్పుడు పంపు, ఆల్టర్నేటర్ ఎదురు తిరగకుండా, పక్కనున్న దేనికీ బెల్ట్ తగలకుండా ఒకసారి వేసి చూసుకోవాలి. బెల్ట్ దారి బొమ్మ బానెట్ లోపల అతికించండి. చీకట్లో, వానలో ఆ దారి ఎవరికీ గుర్తుండదు.

తెగేదాకా ఎదురుచూడక్కర్లేదు కూడా. పాత రకం నియోప్రీన్ బెల్టులు పగుళ్లతో ముందే చెప్పేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు అంతగా పగలవు, టైరులా అరుగుతాయి. పైకి బాగానే కనిపిస్తూ రిబ్బుల మధ్య లోతు పెరిగి పట్టు పోతుంది. అది చూడటానికి చిన్న ప్లాస్టిక్ గేజ్ ఉంటుంది, రిబ్బుల మధ్య పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: క్రాంక్‌కు సర్పెంటైన్ పుల్లీ దొరకడం లేదు. లేత్ మీద నేనే చేసుకోవచ్చా? బ్రాకెట్‌కు ఎంత మందం ప్లేటు తీసుకోవాలి?
— లేత్ పని చేసే పాఠకుడు

జవాబు: చేసుకోవచ్చు, మీకు చెయ్యి తిరిగిన పని. రిబ్బు కోణం 40 డిగ్రీలు, ఎడం 3.56 మిల్లీమీటర్లు. టూల్‌ను ఆ కోణానికి సరిగ్గా సాన పట్టండి. ఎడంలో పొరపాటు ఒక్కో గాడికీ కూడుకుంటూ పోతుంది, ఎనిమిదో గాడికి వచ్చేసరికి బెల్ట్ కూర్చోదు. ప్రతి గాడినీ ముందు గాడి నుంచి కొలవకుండా, మొదటి గాడి నుంచే డయల్ మీద లెక్కవేసుకుంటూ వెళ్లండి.

డ్యాంపర్‌ను తీసెయ్యవద్దు. ఒరిజినల్ డ్యాంపర్ అలాగే ఉంచి, దాని ముందు కొత్త పుల్లీ బిగించండి. డ్యాంపర్ క్రాంక్ మెలిక అదురును తగ్గించేది, దాన్ని తీసేస్తే క్రాంకే విరగొచ్చు. పుల్లీ కేంద్రాన్ని బోల్టులు పట్టవు. మధ్యలో గుండ్రటి బాస్ డ్యాంపర్ గుంటలోకి బిగుతుగా కూర్చునేలా తిప్పండి, ఆ బాసే కేంద్రం పడుతుంది. బిగించాక డయల్ గేజ్‌తో రనౌట్, అంటే తిరిగేటప్పుడు పుల్లీ ఎంత ఊగుతోందో, చూడండి. నేనైతే 0.2 మిల్లీమీటర్లు దాటితే ఒప్పుకోను.

బ్రాకెట్‌కు 10 లేదా 12 మిల్లీమీటర్ల స్టీలు ప్లేటు. మందం కంటే ఆధారాలు ముఖ్యం. మూడు బోల్టులు త్రికోణంలో ఉండాలి. ఒకే వరుసలో రెండు బోల్టుల మీద వేలాడే ప్లేటు ఎంత మందమైనా వణుకుతుంది, చివరకు పగులుతుంది. ముందు గట్టి అట్టతో నమూనా కోసి, ఇంజిన్ మీద పెట్టి, లోయర్ హోస్, టైమింగ్ గుర్తు, ఫ్యాన్ రెక్కలు అన్నింటికీ ఎడం ఉందో లేదో చూడండి. ఆల్టర్నేటర్ వెనక చెవికీ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ ఉంటే బోల్టుతో లాగి బిగించవద్దు, చెవి విరుగుతుంది. ఖాళీకి సరిపడా షిమ్ (పలచని రేకు) వేయండి.

ప్రశ్న: కొత్త బెల్ట్ పక్షి కూసినట్టు కిచకిచమంటోంది. బిగువు బాగానే ఉంది.
— ఒక డ్రైవర్

జవాబు: ఇంజిన్ నడుస్తుండగా, చేతులూ బట్టలూ దూరంగా ఉంచి, రిబ్బుల వైపు కాసిని నీళ్లు స్ప్రే చేయండి. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవు. నీళ్లు పడగానే చప్పుడు ఇంకా పెరిగితే బిగువు చాలడం లేదు, జారుతోంది.

మీది మొదటి రకమే అయి ఉంటుంది. క్రాంక్ పుల్లీ ముఖానికి నిటారైన పట్టీ ఆనించి, ఒక్కో పుల్లీ దాకా చూడండి. రెండు పుల్లీల మధ్య అడుగు దూరానికి ఒకటిన్నర మిల్లీమీటర్లు తేడా ఉన్నా కిచకిచ వస్తుంది. తేడా రెండు రకాలు. పుల్లీ ముందుకో వెనక్కో ఉండటం ఒకటి, వంకరగా ఉండటం ఇంకొకటి. మొదటిదానికి షిమ్ చాలు. రెండోదానికి బ్రాకెట్ ముఖం చదును చేయాలి. బెల్ట్ ఒక గాడి పక్కకు ఎక్కి కూర్చుందేమో కూడా చూడండి, కొత్తగా వేసినప్పుడు అది తరచూ జరుగుతుంది.

ప్రశ్న: బెల్ట్ డ్రెస్సింగ్ స్ప్రే కొడితే చప్పుడు పోతుందా?
— పేరు రాయని పాఠకుడు

జవాబు: కాసేపు పోతుంది. తర్వాత దుమ్ము పట్టి రిబ్బుల్లో గట్టిపడుతుంది, అప్పుడు బెల్ట్‌తో పాటు పుల్లీలు కూడా కడగాల్సి వస్తుంది. రిబ్బుల బెల్ట్ మీద ఏదీ కొట్టవద్దు. నూనె, కూలెంట్ పడితే ఏది లీక్ అవుతుందో ముందు ఆపి, పుల్లీలు శుభ్రం చేసి, బెల్ట్ కొత్తది వేయండి.